దారి చూపే దాన్నొకటి
(టీకాతాత్పర్యసహితము)

మూలము: “తమ్ముడు కారు కొన్నాడుట. దీపావళికి వాడికి దారి చూపే దాన్నొకటి కొని పంపండి. బాగుండాలి. మరీ ఖరీదు వద్దు.”

అవతారిక: 2008వ సంవత్సరమున, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమందలి ఎడిసన్ పట్టణమున కాపురముండు నొక గృహిణి, తాను పనికి పోవుచు, ఫ్రిజ్ తలుపుమీద అయస్కాంతము క్రింద నిలిపిపోయిన చీటిలో భర్తను ఉద్దేశించి వ్రాసిన వాక్యచతుష్టయమిది. మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిజ్ఞ చేసిన కోలాచల మల్లినాథసూరి మన మెదకుసీమవాడే. కాని ఆ మహానుభావుడు కాళిదాసునకు వ్యాఖ్య చేసెను గాని భార్యలు వ్రాసిన చీటీలకు చేయలేదు. చీటీలయందు మూలమున లేనిదే ముఖ్యము గనుక ఆ ప్రతిజ్ఞ మాకు చెల్లదు.

తమ్ముడు: ఆమెకు సోదరుడు, చీటి చదువువానికి బావమరిది. ఉద్యోగమునకై కొత్తగా కాలిఫోర్నియా చేరి ఫ్రీమాంట్ నగరమున దిగినవాడు. కారు కొన్నాడుట: ఈ ‘ట’ను ఉపేక్షింపరాదు. కారు కొన్నవాడు అక్కకు స్వయముగ చెప్పలేదు. గుడివాడలోనున్న తల్లికి చెప్పెను. ఆ వార్త భూగోళమును చుట్టి ఎడిసన్‌నకు వచ్చెను. అలిగిన అక్క కానుక మానవలసినది గదా యని శంక. మానలేదు, కానుకను భర్తచేత కొనిపించినది. అలుకయు నిలిచెను, కానుకయు చేరెను.

దారి చూపే దాన్నొకటి: పేరు చెప్పకపోవుట అజ్ఞానమువలన గాదు. ఆ యేడు కొట్లలో జీపీఎస్ అని అడిగిన గోడపొడవున పేర్చిన పెట్టెలు చూపెడివారు. గార్మిన్ కంపెనీది కావచ్చును, టామ్‌టామ్‌ది కావచ్చును, ఏది యెన్నుకొన్నను తప్పు భర్తదే యగుటకు వీలుగ వస్తువును ప్రయోజనముచేత మాత్రమే నిర్దేశించినది.

ఆ ప్రయోజనమెట్లు సిద్ధించునో కొంత విచారింపవలయును. మన పురోహితుడు సంకల్పము చెప్పించునపుడు, కర్త మేరువునకు ఏ దిక్కున, శ్రీశైలమునకు ఏ మూలను, ఏ నదుల నడుమ కూర్చుండెనో ముందు చెప్పించి, పిదప సంవత్సర అయన ఋతు మాస తిథులకు వచ్చును. అమెరికాలోని దేవాలయములలో అర్చకులు జంబూద్వీపమునకు మారుగ క్రౌంచద్వీపమని చెప్పించి కర్మ సాగింతురు. తానెచట నున్నాడో చెప్పుకొననివానికి కర్మాధికారము లేదని దీని భావము. యంత్రమునకును ఇదియే నియమము, క్రమము మాత్రము తలక్రిందు. భూమికి ఇంచుమించు 20,200 కిలోమీటర్ల ఎత్తున, దినమునకు రెండుమారులు భూప్రదక్షిణము చేయునట్లు, 24కు తక్కువ గాని ఉపగ్రహములను అమెరికా ప్రభుత్వము నిలిపినది. ఒక్కొక్కటియు పరమాణు గడియారమును మోయుచు, తానెచట నున్నదియు, వేళ యెంతయైనదియు ఎడతెగక చాటుచుండును. కారులోని యంత్రము ఆ పలుకు తన్ను చేరుటకు పట్టిన కాలమును బట్టి దూరమును లెక్కగట్టును. స్థలనిర్ణయమునకు మూడు ఉపగ్రహములు చాలవలసినది. కాని రెండువందల డాలర్ల పెట్టెలో పరమాణు గడియారమును పెట్టి యమ్మువాడు లేడు గనుక, దానిలోని చవుక గడియారపు తప్పును దిద్దుటకు నాలుగవది కావలయును. సంకల్పమున దేశము ముందు, సంవత్సరాదికాలము వెనుక. ఇచట కాలము తేలినగాని దేశము తేలదు.

పూర్వము ఆకాశము సామాన్యులతో సత్యము పలికెడిది కాదు. సైన్యమునకు నిక్కమైన సంకేతమును దాచి, తక్కినవారికి పంపు సంకేతమున బుద్ధిపూర్వకముగ కొంత తప్పు కలిపి, వంద మీటర్లవరకు అటునిటు చూపించిరి. 2000వ సంవత్సరము మే నెలారంభమున అధ్యక్షుడు క్లింటన్ ఉత్తరువుచేత ఆ దోషము తొలగెను. తమ్ముడు అంతకుముందే కారు కొనియున్నచో, పెద్దరోడ్డుమీద పోవుచున్న వానిని పక్కసందులో ఉన్నావని ఈ యంత్రము దబాయించియుండెడిది.

పూర్వపక్షి యొకడు లేచి, నోరున్నవాడు దారి అడిగి తెలిసికొనరాదా యనును. గుడివాడలో నిది యుక్తమే. కిళ్ళీకొట్టువద్ద కారాపి అడిగిన, కొట్టువాడు చెప్పును. సోడా త్రాగుచున్నవాడు దానిని ఖండించును. మూడవవాడు కారెక్కి వచ్చి దింపుమనును. ఫ్రీమాంట్ నుండి లివర్‌మోర్‌లోని శివవిష్ణు ఆలయమునకు పోవలెనన్న, 680 ఫ్రీవేమీద గంటకు అరువదియైదు మైళ్ళ వేగమున పోవుచు అడుగుటకు మనుష్యుడేడి? ఎగ్జిట్ దాటిపోయిన తరువాత దైవదర్శనము వచ్చు ఎగ్జిట్‌పై ఆధారపడును.

బాగుండాలి: ఈ పదమునకు అర్థము చెప్పుటలో కొట్టువారికిని మాకును మతభేదము కలదు. వారి మతమున బాగుండుటయనగా పాటలు పాడుట, ఫొటోలు చూపుట, ఫోను మాటలు వినిపించుట. గార్మిన్‌వారి నువీ పెట్టెలమీద నుండు సంకేతములు పాణినీయమును తలపించును: అంకె ధాతువు, దాని చివరి అక్షరములు ప్రత్యయములు. డబ్ల్యు చేరిన తెర వెడల్పగును, 3.5 అంగుళములు 4.3 అంగుళములగును, టి చేరిన ముందున్న ట్రాఫిక్ తెలియును, ప్రత్యయము పెరిగినకొలది వెలయు పెరుగును. మా సిద్ధాంతము వేరు. తెర యెంత వెడల్పైనను దానిని చూచుట ప్రమాదమే; కొత్తగా స్టీరింగు పట్టినవానికి చెవియే శరణ్యము. కావున వీథిపేరును నోటితో చెప్పునదే బాగున్నది. ఆ నువీలలో చవుకరకమైన 205 “కుడికి తిరుగుము” అని యూరకుండును. అచట రెండు మలుపులు పక్కపక్కనే యున్నచో మొదటిదా రెండవదా యని తేలకముందే రెండును దాటిపోవును. 255 ఫలానా వీథిలోనికి తిరుగుమని పేరుతో చెప్పును. ఆ పేర్లు స్పానిష్‌వి, నోరు అమెరికావారిది, వినువాడు కృష్ణాజిల్లావాడు. మువ్వురకును ఏకవాక్యత కుదురుటకు వారము పట్టవచ్చును. అయినను ఇంతకంటె గత్యంతరము లేదు.

దాని శాంతగుణమును గూడ గ్రహింపవలయును. చెప్పిన మలుపు తప్పినను, పదిమారులు తప్పినను, అది “రీకాల్క్యులేటింగ్” అని యొకేస్వరమున పలికి మరల దారి వెదకును. పక్కసీటులో కూర్చుండి దారి చెప్పు మనుష్యజాతియందు ఈ గుణము మేమెన్నడు నెఱుగము.

మరీ ఖరీదు వద్దు: ‘మరీ’ అనుటచేత కొంత ఖరీదు అంగీకృతము. బావమరిది గాక మరిదియే యైనచో ఈ వాక్యము చీటిలో మొదట నుండెడిదని తెలిసినవారందురు. మేము తీర్పు చెప్పము. ఒక్కటి మాత్రము మరువరాదు. దక్షిణ లేని దానము నిష్ఫలమని ధర్మశాస్త్రము. రోడ్లు మారును, యంత్రములోని పటము మారదు. ఆ యేటి పెట్టెలలో కొత్తపటమునకు వేరుగ వెల చెల్లింపవలసియుండెను. ఇచటి దక్షిణయైన ఆ వెలను తానే భరింతునని చెప్పక పెట్టె మాత్రమే పంపినవాడు రెండేండ్ల తరువాత బావమరిదిని కూల్చిన వంతెనమీదికి పంపినవాడగును.

కొని పంపండి: కొనుట సులభము, పంపుటలో చిక్కున్నది. యంత్రముతో వచ్చు రబ్బరు పీట కారు ముందద్దమునకు గాలిపట్టుతో అంటుకొనును. న్యూజెర్సీ బావగారు తన కారులో నెట్లు పెట్టుకొనెనో తెలియదు గాని, కాలిఫోర్నియా చట్టము ఆ యేడు దీపావళినాటికి అద్దముమీద అట్టిది అంటించుటకు ఒప్పుకొనెడిది కాదు. 2009 జనవరి 1 నుండి మాత్రము క్రిందిమూలలలో, డ్రైవరు వైపున ఐదంగుళముల చదరమునను, అవతలివైపున ఏడంగుళముల చదరమునను అనుజ్ఞ. కావున ఇసుకమూటవలె బరువుగ డ్యాష్‌బోర్డుమీద కూర్చుండు పీటను వేరుగ కొని చేర్చవలయును. జనవరి తరువాత అద్దమునకు అంటించినను, దిగునపుడు యంత్రమును తీసి, అద్దముమీద మిగిలిన గుండ్రని మరకను గుడ్డతో తుడువవలయును. ఆ మరక చూచినవాడు లోపల యంత్రము దాచబడినదని గ్రహించి అద్దము పగులగొట్టును.

ఇక పెట్టె కట్టుటకు ముందు యంత్రమును తెరచి, బావమరిది యింటి చిరునామా హోమ్ అని నమోదు చేయుట దాత ధర్మము. ఇష్టస్థానముల పట్టికలో రెండవదిగ ఏది వ్రాయవలెనో చీటిలో లేదు. ఆలయము వ్రాయవచ్చునని కొందరు, ఆఫీసు వ్రాయవచ్చునని కొందరు. ఎడిసన్ చిరునామా వ్రాయవలెనని మా మతము. ‘ట’కారమునకు అదియే సమాధానము. దూరము మూడువేల మైళ్ళకు కొంచెము తక్కువ. అయినను యంత్రము జంకదు, మొదటి మలుపు కుడికనియే మొదలుపెట్టును.