సామూహిక గణితము

పూర్వకాలమున పక్కవాని పలకలోనికి తొంగిచూచిన బాలునికి మాస్టారి బెత్తపు దెబ్బ తప్పెడిది కాదు. ఆ నేరమునకే పదవ తరగతి పరీక్షల వేళ చూచిరాత యని పేరు పెట్టి, దానిని పట్టుటకై స్క్వాడులు ఊరూర తిరుగుట నేటికిని చూచుచున్నాము. కాలమహిమ యేమోగాని, అదే కార్యమును తెరపై చేయించినచో దానికి సహకారాభ్యసనమని బిరుదు వచ్చును. చేయించిన ఉపాధ్యాయునకు జిల్లా సమావేశమున శాలువాయు వచ్చును.

ఈ నూతన యజ్ఞము జరుగు తీరు పరమ రమణీయము. మాస్టారు లింకు పంపగానే నలుబది మంది పిల్లలు ఒకే షీటులోనికి ఒక్కుమ్మడిగా దిగుదురు. రంగురంగుల కర్సర్లు కాసేపు ఒకదానినొకటి తరుముకొనును. పిమ్మట ముందు బెంచీ బాలిక యొకతె, ఎక్స్ వర్గము మైనస్ 5 ఎక్స్ ప్లస్ 6 సున్నకు సమానమను సమీకరణమునకు 2, 3 మూలములని వ్రాయును. తక్షణమే తక్కిన గడులన్నింట అవే అంకెలు మొలచును. ఒకానొక గడిలో మాత్రము తొందరపాటున ఆ బాలిక పేరు కూడ దిగును. నివేదికలో నూటికి నూరు శాతము ఫలితమని వ్రాయుదురు.

పరికరములను నిందించుట నా యభిమతము కాదు. 2011లో ఈలై లూబరాఫ్ స్థాపించిన డెస్మాస్ సంస్థ రూపొందించిన తరగతి సాధనము‌లో తరగతినంతటిని ఒక్క నొక్కుతో నిలిపివేయు మీట కలదు. డస్టరుతో బల్ల చరచి చరచి చేయి నొచ్చినవారికి అది వరప్రసాదమే. తప్పు చేసినవాడు సిగ్గుపడకుండ, పిల్లల పేర్లను దాచి గణితవేత్తల పేర్లను తగిలించు సదుపాయమును అందున్నది. ఇక జియోజెబ్రా యను గణిత సాఫ్ట్‌వేరులో పై సమీకరణపు స్థిరపదమును స్లైడరుతో 6 నుండి మెల్లగా పెంచినచో, పరావలయము పైకి లేచుచు, 6.25 కడ మూలములు రెండును 2.5లో ఏకమై, ఆపైన అక్షమునే విడిచిపోవును. ఇది చూచి వెనుక బెంచీ వాడొకడు "సార్, మూలాలు ఎక్కడికి పోయాయండీ?" అని షీటులో వ్రాసినాడు. విచక్షణిని బోధించుటకు అంతకు మించిన ముహూర్తమున్నదా? మాస్టారికి సిలబసు గుర్తుకు వచ్చి, ఆ వాక్యమును వెంటనే తుడిచివేసిరి. నివేదికలో ప్రశ్నలకు గడి లేదు మరి.

నిజమైన సామూహిక గణితపు తీరు వేరు. 2009 జనవరిలో కేంబ్రిడ్జి ఆచార్యుడు తిమోతి గోవర్స్, ఒక కఠిన సమస్యను అంతర్జాలమున పదుగురి ముందుంచి, సగము పండిన ఊహనైనను, తప్పైనదానినైనను సంకోచింపక వ్రాయుడని కోరెను. సుమారు ఏడు వారములలో సాంద్ర హేల్స్-జూవెట్ సిద్ధాంతమునకు కొత్త నిరూపణ చేతికందినది. అది 2012లో డి.హెచ్.జె. పాలిమత్ అను ఉమ్మడి నామముతో 'ఆనల్స్ ఆఫ్ మాథమాటిక్స్' పత్రికలో వెలువడినది. ఆ మహామహుల తప్పుటడుగులు ఎల్లరును చదువుకొన వీలుగా నేటికిని నిలిచియున్నవి. వారికి తనిఖీ భయము లేకపోవుట వారి అదృష్టము.

కావున తనిఖీకి విచ్చేయు అధికారులకొక విన్నపము. నిండిన గడులను లెక్కించుటకు ముందు, ఆ షీటులో మార్పుల చరిత్రను ఒక్క పరి తెరచి చూడుడు. ఎవరు మొదట వ్రాసిరో, ఎవరు ఎన్నడు దించుకొనిరో, తుడిచివేసిన ప్రశ్న యేదో, తుడిచిన చేయి యెవరిదో, సమస్తము అందు భద్రముగా నున్నది.