కుక్కరుది కాదమ్మా, కారుది

ఇర్వింగ్, టెక్సస్
ఆదివారం రాత్రి

అమ్మకు,

నేను క్షేమం. కుడిచేతి వేళ్లు నాలుగు కూడా క్షేమం. అయిదో దాని సంగతి కింద రాస్తాను.

ఫోను చెయ్యక ఉత్తరమేమిటా అనుకోకు. ఫోనయితే నాన్న స్పీకరు పెట్టమంటారు. అందుకని ఊరొస్తున్న స్నేహితుడి చేతికిచ్చి పంపుతున్నాను. చదివి బియ్యం డబ్బాలో దాచెయ్యి.

నిరుడు కొన్న మియాటా గుర్తుందిగా? 1999 మోడలు, రెండే సీట్లు. ఫొటో చూసి నాన్న, "మేమొస్తే ఎక్కడ కూర్చోవాలిరా?" అన్నారు. లోకంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇదేనని 2000లోనే గిన్నిస్ వాళ్లు రాసుకున్నారని చెప్పాను. "అమ్మానాన్నల్ని వదిలించుకున్నవాళ్లు అంతమందున్నారా!" అని ఫోను నీకిచ్చేశారు.

ఆ కారుకి నెల కింద ఆయాసం పట్టుకుంది. సిగ్నలు దగ్గర ఆపితే ఇంజను ఒక క్షణం పైకి లేస్తుంది, ఒక క్షణం నీరసపడుతుంది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు. కోడు చూపించే పరికరం తగిలిస్తే పీ0171 అంది. అంటే పెట్రోలు చాలడం లేదు, గాలి ఎక్కువైంది అని. నీ భాషలో చెప్పాలంటే ఎసరు లెక్క తప్పింది. బరువులో ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి దీని కొలత. లోపలికొచ్చే గాలిని ముందే ఒక మీటరు కొలుస్తుంది. ఆ మీటరు దాటాక ఏదో సందులోంచి దొంగగాలి దూరుతోందన్నమాట. పొగ పట్టి చూస్తే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర దొరికింది. ఇంజనుకి గాలి పంచే నాలుగు గొట్టాల గుత్తి అది. అది ఇంజను తలకాయకి అతుక్కునే చోట ఉండే గాస్కెట్ పోయింది.

గాస్కెట్ అనగానే నవ్వుతున్నావని నాకు తెలుసు. కుక్కరు విజిలు రాకపోతే నువ్వు మూత తీసి, ఆ రబ్బరు చక్రాన్ని ఫ్రిజ్జులో పడేసి, "బిగుసుకుంటుందిలే" అంటుంటే ఇంజనీరింగు చదివిన నేను వెక్కిరించేవాణ్ని. తేడా ఒక్కటే. నీ గాస్కెట్ ఆవిరిని బయటికి పోనివ్వదు, నాది బయటిగాలిని లోపలికి రానివ్వదు.

కంపెనీ గాస్కెట్టే వేసి ఊరుకుంటే ఈ ఉత్తరం పోస్టుకార్డులో అయిపోయేది. బుద్ధి గడ్డితిని, బయట తయారయ్యే మందపాటి ఫినాలిక్ గాస్కెట్ తెప్పించాను. అదేం కొత్త పదార్థం కాదు, 1907లో బేక్‌లాండ్ అనే ఆయన కనిపెట్టిన బేకలైట్ జాతి. మన కుక్కరు పిడి కూడా ఆ జాతిదే. గిన్నె కాలుతున్నా పిడి కాలదు చూడు, అలాగే ఇంజను వేడి మానిఫోల్డ్‌కి ఎక్కకుండా ఇది అడ్డుపడుతుంది. గాలి చల్లగా ఉంటే చిక్కగా ఉంటుంది, చిక్కటి గాలికి బలమెక్కువ. ఇదీ సిద్ధాంతం.

ఇక పని. అపార్ట్‌మెంటులో కారు విప్పడం నిషేధం కాబట్టి స్నేహితుడి గరాజులో మొదలెట్టాను. తెనాలి నుంచి వచ్చిన వాళ్లత్తగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముందు బ్యాటరీ వైరు తియ్యాలి. బానెట్టంతా గాలించాను. ఈ కారుకి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది! తర్వాత పెట్రోలు గొట్టాల్లో ఒత్తిడి దించాలి. "వెయిట్ ఎత్తి ఆవిరి వదలడమేగా బాబూ," అన్నారావిడ. ఇంత మంచి పోలిక మాన్యువల్లో కూడా లేదు.

పైనున్న నట్లు పువ్వుల్లా వచ్చాయి. కింది వరస మాత్రం మానిఫోల్డ్ పొట్ట కిందుంది. చెయ్యి పడితే కన్ను పట్టదు, కన్ను పడితే చెయ్యి పట్టదు. రెంచి జారి చూపుడువేలి కణుపు మీద తోలు లేచిపోయింది. కంగారుపడకు, పసుపు రాశాను. తీరా చూస్తే కొత్త గాస్కెట్ మందం వల్ల మానిఫోల్డ్ ఆ మేరకు పక్కకి జరిగి, కిందనుంచి పట్టుకునే బ్రాకెట్ కన్నం కలవలేదు. ఆకురాయితో గంటసేపు అరగదీశాను.

నట్లేమైనా ఇంజనులో పడతాయేమోనని నాలుగు కన్నాల్లోనూ నువ్వు పంపిన మసిగుడ్డలు కుక్కాను. అంతా బిగించాక, అంటే మధ్యనుంచి మొదలెట్టి అటొకటి ఇటొకటి, టార్క్ రెంచి టక్కుమనేదాకా బిగించి, పెట్రోలు గొట్టాలు కూడా తగిలించాక గుడ్డలు లెక్కపెడితే మూడే ఉన్నాయి! నాలుగోది లోపలుండగా ఇంజను తిప్పితే ఇంకేమైనా ఉందా? చెమటలు పట్టాయి. మళ్లీ మొదటినుంచీ విప్పాను. రెండున్నర గంటలు. నాలుగు కన్నాల్లోనూ ఏమీ లేదు. టార్చి వేసి వంగి చూస్తుంటే వెనకనుంచి, "దేనికోసం బాబూ?" అన్నారా అత్తగారు.

"మసిగుడ్డండీ."

"నీ భుజం మీదున్నదా?"

ముందే చెప్పొచ్చు కదండీ అంటే, "చెమట తుడుచుకోడానికి ఉంచుకున్నావనుకున్నా" అన్నారు. వంటింట్లో నువ్వు వేసుకున్నట్టే వేసుకున్నానమ్మా. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికిన సామెత నాకోసమే పుట్టింది.

కారు బాగుంది. ఆయాసం పోయింది, పసుపు లైటు ఆరింది. బలం పెరిగిందా అని అడక్కు. పరుగులో ఉన్నప్పుడు గాలి ఆ గొట్టంలో రెప్పపాటు కూడా నిలవదు, ఇక వేడెక్కేదెప్పుడు? ట్రాఫిక్కులో ఆగి ఉన్నప్పుడేమైనా మేలేమో. ఇంటికొచ్చి మానిఫోల్డ్ మీద చెయ్యి వేస్తే మాత్రం వెనక్కి లాక్కోనక్కర్లేదు. నేను పెట్టిన ఖర్చుకి ఆ సుఖం చాలు.

నాన్నని అడిగానని చెప్పు.

మరో మాట. నా అయిదు లీటర్ల కుక్కరుకి పది రోజులుగా విజిలు రావడం లేదు, పక్కనుంచి బుస్సుమంటోంది. ఫ్రిజ్జులో పెట్టి కూడా చూశాను. ఈ ఉత్తరం తెచ్చినతను ఇరవయ్యో తారీకున తిరిగొస్తున్నాడు. స్టీలు సామాన్ల కొట్లో గాస్కెట్లు రెండు కొని ఇచ్చి పంపు. కంపెనీవే కొను.

నీ కొడుకు