నగరవన మంజూరు వాక్యము: టీకా తాత్పర్యములు

మూలము: "ప్రకృతి సంరక్షణార్థమును, పౌరుల విహారార్థమును, నగరవన పథకము క్రింద, హెక్టారునకు రూ. 4 లక్షల చొప్పున, నిబంధనలకు లోబడి, ఇందుమూలముగ నిధులు మంజూరు చేయడమైనది."

అవతారిక: మూలమునందు లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ప్రతిన పూని కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి మెదకుసీమలోని కొలచెలమవాడగుటచేత, తెలుగునాట టీక వ్రాయబూను ప్రతివానికిని ఆ ప్రతిన పిత్రార్జితమువంటిది. అందు మొదటి సగమును నేనును శిరసావహించుచున్నాను. రెండవ సగమును పాటింపజాలను. ఏలయన నా మూలమే దానిని పాటింపలేదు. పై వాక్యము ఏ యొక్క కార్యాలయమునందును పుట్టినది కాదు. పట్టణముల యంచున వనములు పెంచుటకును, అందు జనులు విహరించుటకును సర్కారువారు దయచేయు గ్రాంటుల యుత్తరువులను పలుమాఱు చదివి, అన్నిట మాఱుమ్రోగు మాటలనే యేరి సూత్రప్రాయముగ నేను కూర్చినది.

ప్రకృతి = సాంఖ్యులకు పురుషునితో కూడి జగత్తును నడపునది; వైయాకరణులకు ప్రత్యయము చేరకమున్ను శబ్దమునకున్న రూపము; రేంజరుగారికి కంచెకు లోపలనున్నది. సంరక్షణ = ఆ కంచె. 'సమ్' అను నుపసర్గకు 'లెస్సగా' అని యర్థముండుటచేత, ముళ్లతీగ చాలదని ప్రహరీ కట్టించుట శబ్దశాస్త్రసమ్మతమే. విహారము = వాకింగ్ ట్రాకు, ఓపెన్ జిమ్ము, పిల్లల ఉయ్యెల, నాలుగు సిమెంటు బల్లలు. పూర్వకావ్యములందు రాజకుమారులు ఉద్యానమునకేగుటకు విరహమో వసంతోత్సవమో హేతువుగ నుండెడిది. నేటి విహర్తలకు హేతువు చక్కెరవ్యాధి. తెల్లవాఱకమున్నే వచ్చి, చెవులలో తీగలు దోపుకొని, చేతులు బలముగ వీచుచు, పూచిన కానుగవైపు కన్నెత్తియైన చూడక, వేసిన యడుగుల సంఖ్యను ముంజేతి గడియారముతో సరిచూచుకొనుచు ప్రదక్షిణించు వారి నిష్ఠను కన్నవానికి, విహారమను పదమునకు బౌద్ధులు భిక్షునివాసమను నర్థమును కల్పించుట యెంతటి దూరదృష్టియో బోధపడును.

వనము = ఇచ్చట కొంత తడవు నిలువక తప్పదు. అమరసింహుడు ఈ పదమునకు అడవియనియు, నీరనియు రెండర్థములు చెప్పెను. రెండవది ప్రకృతమున పొసగదని తొందరపడి త్రోసిపుచ్చరాదు. చెఱువు పూడ్చి కట్టిన మా వీథి వానకాలమున ఆ యర్థముననే నగరవనము. మొదటి యర్థమునకు నిఘంటువుకంటె పెద్ద ప్రమాణము నొకదానిని వెదకబోతిని గాని, ఆ ప్రమాణము నన్ను మరల నిఘంటువునొద్దకే పంపినది. గోదావర్మన్ తిరుమల్పాడ్ అను నతడు 1995లో దాఖలుచేసిన వ్యాజ్యమున, 1996 డిసెంబరు 12వ తేదీని సుప్రీంకోర్టువారు, అడవుల సంరక్షణ శాసనమునందలి 'అడవి' యను మాటకు నిఘంటువు చెప్పు నర్థమునే గ్రహింపవలెనని యానతిచ్చిరి. దేశముననెల్ల పెద్ద న్యాయాసనము కోశమును తెఱచి చూచికొమ్మని చెప్పిన యా ఘట్టము తలపునకు వచ్చినప్పుడెల్ల, పదములు నమ్ముకొని బ్రతుకు నావంటివానికి మేను గగుర్పొడుచును. 2023లో పార్లమెంటువారు శాసనమును సవరించి ఆ యర్థమును కుదింపగా, 2024 ఫిబ్రవరిలో కోర్టువారు, ప్రస్తుతమునకు 1996 నాటి యర్థమునే పాటింపుడని మధ్యంతరముగ సెలవిచ్చిరి. కావున అమరమును వల్లెవేయించిన మా గురువుగారి బెత్తము వృథాపోలేదు.

నగరవనము = ఇది సమాసము. నగరమందలి వనమని సప్తమీతత్పురుషముగ విప్పుట బాలురకు తగును. నగరముకొఱకు వనమని చతుర్థిగ విప్పుట పథకకర్తల యభిమతము. 2020 జూన్ 5వ తేదీని, పర్యావరణ దినమున, పుణెలోని వార్జె వనమును మేలుబంతిగ చూపి కేంద్రప్రభుత్వమువారు ఈ పథకమును ప్రకటించినపుడు ఉద్దేశించినది ఆ యర్థమునే. పది మొదలు యాబది హెక్టార్ల తావు దీనికి తగునని నియమము. నేనన్ననో, ఇది మధ్యమపదలోపియని తలంచుచున్నాను. లోపించిన పదమేదో తెలియవలెనన్నచో రూపాయలు పుట్టిన చోటికి పోవలెను.

హెక్టారునకు రూ. 4 లక్షలు = ఈ సొమ్ము మనము కట్టిన పన్నులనుండి వచ్చినది కాదు. గనికో, ఆనకట్టకో, రహదారికో ఎచ్చటనో యడవినేల మళ్లింపబడినపుడు, దానిని పుచ్చుకొన్నవారు బదులుమొక్కల పెంపకమునకు కొంతయు, పోయిన యడవికి 'నికర వర్తమాన విలువ' యను పేర కొంతయు చెల్లింపవలెను. ఆ సొమ్ము చేరు నిధికి వ్యవహారమున కంపా యని పేరు. దానికి 2016లో చట్టమును, 2018లో నియమములును ఏర్పడెను. నూటికి తొంబది పాళ్లు రాష్ట్రములవి, పది కేంద్రమువి. ఏండ్లతరబడి పేరుకొనియున్న ఆ రాశినుండి 2019 ఆగస్టులో రాష్ట్రములకు పంచిపెట్టినది 47 వేల కోట్లకు పైచిలుకు; అందు తెలంగాణమునకు సుమారు 3,110 కోట్లును, ఆంధ్రప్రదేశమునకు సుమారు 1,734 కోట్లును ముట్టినవి. కేంద్రము చేతనున్న పదవ పాలినుండి మన నగరవనమునకు హెక్టారు లెక్కన ఈ 4 లక్షలు దిగివచ్చుచున్నవి.

'వర్తమాన విలువ' యను మాటలోని చమత్కారమును వ్యాకరణము చదివినవాడే సంపూర్ణముగ అనుభవింపగలడు. చెట్టు ముందుముందు ఇయ్యబోవు నీడను, ఊటనీటిని, వంటచెఱకును, పిట్టగూటిని లెక్కకట్టి, భవిష్యత్తునంతయు వర్తమానముగ మార్చి, ఆ వెంటనే చెట్టును భూతకాలమునకు సాగనంపుట ఇందలి ప్రక్రియ. 2008లో కోర్టువారామోదించిన పట్టీయందు, అడవి జాతినిబట్టియు దట్టతనమునుబట్టియు హెక్టారు విలువ 4.38 లక్షలనుండి 10.43 లక్షలదాక నుండెను, తరువాత పెంచిరి. ఇక సమాసమును విప్పుదము: నగరజీవనము నిమిత్తమై యెచ్చటనో నఱకబడిన యడవి వెలచేత ఇచ్చట పెంపబడు వనము నగరవనము. మధ్యమపదము లోపించుట శాస్త్రమున వినియున్నాము గాని, మధ్యమున ఇన్ని పదములు, వానితోపాటు కొన్ని కొండలును లోపించుట ఇదియే మొదలు.

అలంకారము అసంగతి. కారణమొకచోటను, కార్యము మఱియొకచోటను వర్ణింపబడినచో అసంగతియందురు. ఇచ్చట గొడ్డలివ్రేటు కొండకోనలో పడగా చిగురు పట్టణపు పొలిమేరన వేయుచున్నది. ఈ యలంకారము మనకే పరిమితము కాదు. అమెరికా దేశమువారు 1964లో శాసనించిన భూమి, జలముల సంరక్షణ నిధికి ముఖ్యాధారము సముద్రగర్భపు చమురుబావులవలన వచ్చు రాబడి. ఆ చమురుసొమ్ముతో ఊరూర పార్కులును, ఆటస్థలములును వెలసినవి. అంతకుమున్ను 1937లోనే, తుపాకులమీదను తూటాలమీదను వసూలగు సుంకమును రాష్ట్రములకు మృగసంరక్షణార్థము గ్రాంటుగ నిచ్చు శాసనము వారికి కలదు. లేడి కడుపు నింపునది వేటకాని తూటాయే యగునప్పుడు అది అసంగతియో, విరోధాభాసమో తేల్చుట నాకు శక్యము కాకున్నది.

నిబంధనలకు లోబడి = ఖర్చుపెట్టితిమని 12-సి నమూనాయందు వినియోగ ధ్రువపత్రము పంపవలెననుట. ఆర్థిక సంవత్సరము ముగిసిన పండ్రెండు నెలలలోపల ఈ పత్రము పోకున్న తరువాతి విడతకు చిక్కు. పత్రము రూపాయి వినియోగమైనదని చెప్పును. మొక్క బ్రతికినదా యనునది శాస్త్రాంతరము.

ఇందుమూలముగ = అర్థము లేదు; పాదపూరణము.

మంజూరు = ఇది అరబ్బీపదము; చూపు అను నర్థముగల 'నజర్' దీనికి మూలము. మంజూరైనదనగా చూడబడినదని యర్థము. ఇయ్యబడినదని కోశమందు లేదు. ఈ సంగతి తెలియని కంట్రాక్టర్లు వృథాగ దుఃఖింతురు. తార్కికులు చెప్పిన యభావములలో రెండింటిని ఇచ్చట గ్రహింపవలెను: మంజూరై విడుదల కాని ధనమునకు ప్రాగభావమనియు, మార్చి 31వ తేదీ రాత్రి మురిగిపోయిన ధనమునకు ప్రధ్వంసాభావమనియు పేర్లు. ఆ రెండింటి నడుమ ధనము ఉండెడి కాలము మిక్కిలి స్వల్పమగుటచేత, మార్చి చివరి వారమున మండుటెండలో గుంతలు త్రవ్వి మొక్కలు నాటుదురు.

చేయడమైనది = ఎవరు చేసిరి? ఈ క్రియకు కర్త లేడు. ఈశ్వరుని కర్తృత్వమును గుఱించి శతాబ్దములుగ వాదించిన మన దార్శనికులకు, కర్త లేకయే ఇంతటి కార్యము సాగునని చూపుటకు ఈ వాక్యము చాలియుండెడిది.

తాత్పర్యము: కొండమీది యడవి పోయెననియు, పోయినదానికి వెలకట్టిరనియు, ఆ వెలలో పదవ పాలినుండి కొంత మన యూరికి వచ్చుననియు, వచ్చినదానితో కంచె ముందును, త్రోవ పిమ్మటను, వేప, రావి, కానుగ మొక్కలు తుదినియు ఏర్పడుననియు, అందు మనము ఉదయమున ఆఱునుండి తొమ్మిదివఱకు ప్రకృతిని అనుభవింపవచ్చుననియు భావము.

పాఠాంతరము: తాళపత్రములందు చెదలు తిన్న చోటులవలన పాఠభేదములు పుట్టినట్లు, ఒకానొక పట్టణమున నగరవనపు ద్వారముకడ నాటిన బోర్డునందు నాకొక పాఠాంతరము కనబడినది. 'ప్రకృతి సంరక్షణార్థము' అనుచోట రెండవ పదపు మొదటి రెండక్షరముల రంగు రాలిపోయి 'ప్రకృతి క్షణార్థము' అని నిలిచియున్నది. మూలపాఠమేదో, లేఖకదోషమేదో నిర్ణయింపవలెనని చాలసేపు దానియెదుట నిలుచుంటిని. గేటుకు తాళము వేయుచున్న కావలివాడు నన్ను చూచి, "బోర్డేగా సార్? రెండు వానలకే ఊడిపోయింది. మళ్ళీ రాయిస్తారంట, బిల్లు వస్తే," అని, తొమ్మిది దాటినదని గడియారము చూపినాడు.