చిట్టిపెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

తే.గీ.
ఓము లెన్నియొ హెడ్‌ఫోను కున్నవరసి
వోల్టు లందుకుఁ దగినవి పొంకపరచి
యంతరంగపు టోములు నల్పమైన
చిట్టిపెట్టెను గొనవలెఁ జెవుల కొరకు.

అవతారిక

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు ముందు మాట ఇచ్చుకున్నాడు. ఆయనకేం, కాళిదాసు ఉన్నాడు, భారవి ఉన్నాడు, మాఘుడు ఉన్నాడు. జేబు ఆంప్లిఫయర్ కొనబోయే తెలుగువాడికి ఎవరున్నారు? అట్టపెట్టె వెనక చీమతలకాయంత అక్షరాల్లో అచ్చయిన నాలుగు అంకెలూ, "సార్, బాస్ అదిరిపోద్ది" అనే దుకాణం కుర్రాడూ తప్ప. మూలం లేకుండా వ్యాఖ్య రాయడం శాస్త్రవిరుద్ధం కాబట్టి, వ్యాఖ్యాతే పూనుకుని ముందు మూలం రాసుకున్నాడు. యతులు కుదిరాయి. హెడ్‌ఫోను చక్కగా తగణంలో ఒదిగింది. ఇంతకుమించి కవిత్వం ఇందులో వెతక్కండి.

ఇక సందర్భం. నాయకుడు ధీరోదాత్తుడు కాదు, ధీరలలితుడు. కళలంటే ఆసక్తి, చేతిలో కొత్తగా వచ్చిన బోనస్. మూడు వందల ఓముల హెడ్‌ఫోన్ ఒకటి ముచ్చటపడి కొన్నాడు. ఇంటికొచ్చి చూస్తే ఫోనుకి కన్నమే లేదు. 2016లో ఐఫోన్ 7 ఆ కన్నాన్ని మూసింది మొదలు తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే అదే దారి పట్టారు. సరే, తోకలాంటి డాంగిల్ ఒకటి తెచ్చి తగిలించి 'శంకరాభరణం' పాటలు పెట్టాడు. వాల్యూమ్ చివరంటా పెంచినా మృదంగం పక్క వీధిలో వాయిస్తున్నట్టుంది. ఆంప్ కొనమని ఒక స్నేహితుడు, డబ్బు దండగని ఇంకొకడు. ఇలా డోలాయమాన మనస్కుడై ఉన్న నాయకుడికి కవి చేసిన ఉపదేశమే ఈ పద్యం.

ప్రతిపదార్థం

హెడ్‌ఫోనుకున్ = చెవులకు తగిలించుకొను శ్రవణయంత్రమునకు; ఓములు = విద్యున్నిరోధమానములు; ఎన్నియొ ఉన్నవి = ఎన్ని కలవో; అరసి = విచారించి; అందుకున్ = ఆ ఓములకు; తగినవి = సరిపోవునట్టివైన; వోల్టులు = విద్యుత్పీడనములను; పొంకపరచి = కుదుర్చుకొని; అంతరంగపు టోములు = ఆంప్లిఫయరు తన కడుపులో దాచుకొన్న నిరోధములును (అవుట్‌పుట్ ఇంపిడెన్సు అని వ్యవహారము); అల్పమైన = స్వల్పముగా గల; చిట్టిపెట్టెను = జేబులో పట్టు ఆంప్లిఫయరును; చెవుల కొరకున్ = చెవుల నిమిత్తమే; కొనవలెన్ = కొనదగును.

తాత్పర్యం

ముందు హెడ్‌ఫోన్ సంగతి తెలుసుకో. దానికి ఎన్ని వోల్టులు కావాలో లెక్క కట్టుకో. ఆ తరవాతే పెట్టె వైపు చూడు. ఈ వరస తిరగేసి, ముందు పెట్టె కొని తరవాత దానికి పని వెతికేవాళ్ళ గురించి కవి మౌనం వహించాడు.

విశేషాలు

"ఓము లెన్నియొ": పద్యం ప్రణవంతో మొదలైందని కొందరు చేతులు జోడిస్తారు. అది ఓం కాదు, ఓము. కొలోన్ పట్నంలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే జార్జ్ ఓమ్ అనే బడిపంతులు 1827లో అచ్చువేసిన సూత్రం. ఫోనుతోపాటు వాడే మామూలు ఇయర్‌ఫోన్లకు 16 నుంచి 32 ఓములుంటాయి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600కి 300. బేయర్‌డైనమిక్ డీటీ 880 మూడు రకాల్లో వస్తుంది: 32, 250, 600. తలకు పెట్టుకుంటే మూడూ ఒకటే, ఫోనుకి తగిలిస్తే మూడూ మూడు జన్మలు.

అయితే ఇక్కడ కవిని తప్పుపట్టక తప్పదు. ఓములొక్కటే అరస్తే చాలదు. ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందన్నది, అంటే సెన్సిటివిటీ, అరయాలి. హైఫైమాన్ హెచ్‌ఈ-6 ఓములు చూడండి, యాభయ్యే. సాధువులా కనిపిస్తుంది. కానీ మిల్లీవాట్‌కి 83.5 డెసిబెల్సే పలుకుతుంది. దాని చేత 110 డెసిబెల్స్ పలికించాలంటే 450 మిల్లీవాట్లు పోయాలి. ఓములు తక్కువ కదా అని ఫోనుకి తగిలించినవాడికి దక్కేది గుసగుసే. మరి కవి ఇంత ముఖ్యమైన మాట ఎందుకు వదిలేశాడు? 'సెన్సిటివిటీ'ని తేటగీతిలో ఇమడ్చడం ఆయనకు చేతకాలేదు. అంతే కారణం.

"వోల్టు లందుకుఁ దగినవి": ఇక్కడ పలక తీయాలి. వోల్టులను వోల్టులతో హెచ్చించి ఓములతో భాగిస్తే వాట్లు. ఒక వోల్టు ఇచ్చే డాంగిల్‌కి 32 ఓముల ఇయర్‌ఫోన్ తగిలిస్తే 31 మిల్లీవాట్లు వెళ్తాయి. మిల్లీవాట్‌కి 105 డెసిబెల్స్ పలికే రకమైతే అది 120 డెసిబెల్స్ దగ్గర అరుస్తుంది. చెవి చిల్లిపడే మోత. అలాంటివాడికి ఆంప్ కాదు, బుద్ధి చెప్పేవాళ్ళు కావాలి. అదే డాంగిల్‌కి మన నాయకుడి 300 ఓములు తగిలిస్తే మూడు మిల్లీవాట్ల పైచిలుకు. మిల్లీవాట్‌కి 97 డెసిబెల్స్ లెక్కన 102. సినిమా పాటకి ఇదే ఎక్కువ. కచేరీ రికార్డింగుల సంగతి వేరు. ఆలాపన సన్నగా నడిచి, తనియావర్తనంలో మృదంగం ఒక్కసారి లేచేచోట శిఖరానికి ఇంకో పది డెసిబెల్స్ ఖాళీ ఉంచాలి. పది డెసిబెల్స్ అంటే మూడు రెట్ల పైన వోల్టులు. ఆంప్ పుట్టింది ఈ ఖాళీ కోసం.

శంక: అలాగైతే నాయకుడికి మృదంగం పక్క వీధిలో ఎందుకు వినిపించింది?

సమాధానం: డాంగిళ్ళన్నీ ఒక వోల్టు ఇవ్వవు. ఆపిల్ అమ్మే డాంగిల్‌లోనే అమెరికా రకం ఒక వోల్టు, ఐరోపా రకం దాంట్లో సగం. అమెరికా రకమే తెచ్చుకున్నా కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే అది పూర్తి గొంతు విప్పదు. ఐఫోన్‌కి తగిలించి చూస్తే పలుకుతుంది. కాబట్టి నాయకుడు ఆంప్ కోసం బయల్దేరేముందు మరదలి ఐఫోన్ ఒక పూట అరువడగడం ఉత్తమం.

అలంకారం: పెట్టె మీద "1000 మిల్లీవాట్లు" అని పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కనే చిన్నక్షరాల్లో "16 ఓములకు" అని. ఇది అప్రస్తుతప్రశంస. మనకు ప్రస్తుతం 300 ఓములు, పెట్టెవాడు పొగిడేది 16 ఓముల్ని. లెక్క కడితే ఆ వెయ్యి వెనకున్నది నాలుగు వోల్టులు. అదే నాలుగు వోల్టులు 300 ఓముల దగ్గరికొచ్చేసరికి 53 మిల్లీవాట్లు. మనకు అవి చాలు, ఇంకా మిగుల్తాయి కూడా. వెయ్యి అన్నవాడు అబద్ధమాడలేదు. ప్రబంధకవి రాజుగారి కత్తిని వర్ణించిన పద్ధతిలో వర్ణించాడు. "వక్రత (డిస్టార్షన్) 0.0003 శాతం" అన్నది మాత్రం శుద్ధ అతిశయోక్తి. అంకె నిజమే కావచ్చు, దానికి పది రెట్లున్నా పట్టుకోగల చెవి మనుషుల్లో లేదు.

"అంతరంగపు టోములు నల్పమైన": పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ఆంప్ లోపల కూడా కొంత నిరోధం ఉంటుంది. హెడ్‌ఫోన్‌కి వెళ్ళాల్సిన వోల్టుల్లో అది ముందు తన వాటా కొట్టేస్తుంది. అన్ని స్వరాల దగ్గరా ఒకే వాటా కొడితే గొడవ లేదు, వాల్యూమ్ కాస్త పెంచుకుంటాం. కానీ ఇయర్‌ఫోన్ ఓములు నిలకడగా ఉండవు. ఆర్మేచర్లనే బుల్లి స్పీకర్లు నాలుగైదు కుక్కిన ఇయర్‌ఫోన్ ఒక స్వరం దగ్గర 8 ఓములు, ఇంకో స్వరం దగ్గర 40 ఓములు చూపించగలదు. దాన్ని పది ఓముల అంతరంగం గల ఆంప్‌కి తగిలించారనుకోండి. ఎనిమిది దగ్గర సగానికి పైగా వోల్టులు లోపలే పోతాయి. నలభై దగ్గర పోయేది అయిదో వంతే. రెండిటి మధ్య అయిదు డెసిబెల్స్ తేడా. తంబురా శ్రుతి అలాగే ఉంటుంది, గాయకుడి గొంతు మాత్రం జలుబు చేసినట్టో ముక్కుతో పాడినట్టో మారిపోతుంది. "ఈ ఆంప్ గాత్రాన్ని ముందుకు తెస్తుంది" అని దుకాణంలో మెచ్చుకునే గుణాల్లో కొన్ని ఇలా పుట్టినవే.

లోపలి ఓములు హెడ్‌ఫోన్ ఓముల్లో ఎనిమిదో వంతు దాటకూడదని నవీనుల నియమం. పదహారు ఓముల ఇయర్‌ఫోన్‌కి రెండు ఓముల లోపు. "అంతరంగపు టోములు నూటయిరువది" అని ఒక పాఠాంతరం ఉంది. నవ్వకండి, దానికి ప్రామాణిక గ్రంథం ఉంది. 1996 నాటి ఐఈసీ 61938 ప్రమాణం 120 ఓములే చెప్పింది. ఏ హెడ్‌ఫోన్ తగిలించినా మోత ఇంచుమించు ఒకేలా ఉండాలన్నది ఆ సంప్రదాయం ఆలోచన. ఛందోభంగం మాట అటుంచినా ఈ పాఠం ఇప్పుడు అగ్రాహ్యం.

"చిట్టిపెట్టెను": కవిది చాలా మెత్తని మాట. తొలినాళ్ళ చిట్టిపెట్టె నిజంగా పెట్టే. చూ మోయ్ అనే ఆయన 1990ల చివర ఒక సర్క్యూట్ గీసి ఇచ్చాడు. ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక ఆప్-ఆంప్ చిప్పు, గుప్పెడు రెసిస్టర్లు. చేతనైనవాళ్ళంతా దాన్ని పిప్పరమెంటు బిళ్ళల డబ్బాలో అమర్చుకున్నారు. మూత తీస్తే ఇంకా పుదీనా వాసన. ఆ తరవాత 2011లో ఓ2 అనే ఆంప్ వచ్చింది. దీని కర్త అజ్ఞాతుడు. మారుపేరుతో డిజైన్ మొత్తం, కొలతలతో సహా, ఊరికే లోకానికి ఇచ్చేశాడు. వెలలూ వర్ణనలూ పక్కన పెట్టి కొలిచి చూడండని పోట్లాడాడు. మరుసటి ఏడాదే మాట్లాడటం మానేశాడు. రెడ్డిరాజు పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలోనో మరో చోటో ఉండివుంటే ఆయన కాలనిర్ణయం మీద ఈపాటికి మూడు సిద్ధాంతగ్రంథాలు వచ్చేవి.

ఇప్పటి చిట్టిపెట్టెలు బొటనవేలంత. బ్యాటరీ కూడా లేదు, ఫోన్ రక్తమే తాగుతాయి. కొన్నిటికి మామూలు 3.5 మిల్లీమీటర్ల కన్నంతోపాటు 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ కన్నం ఉంటుంది. అక్కడ వోల్టులు దాదాపు రెట్టింపు. మూడు వందల ఓములవాడికి పనికొస్తుంది. పదహారు ఓములవాడికి అది కొత్త కేబుల్ కొనిపించే కన్నం మాత్రమే. గెయిన్ మీట, అంటే వోల్టులను ఎన్ని రెట్లు పెంచాలో చెప్పేది, ఉంటే తక్కువలోనే ఉంచడం మంచిది. సున్నితమైన ఇయర్‌ఫోన్‌ని ఎక్కువ గెయిన్‌లో పెడితే పాటకీ పాటకీ మధ్య సన్నగా ఇస్స్‌మని నూనె కాగుతున్న చప్పుడు.

"చెవుల కొరకు": అవధారణార్థకం. చెవుల కొరకే, బల్ల మీద పెట్టి ఫోటో తీసుకోవడానికి కాదు.

పూర్వపక్షి ఇక్కడ లేస్తాడు. ఇతను హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో ఎక్కడైనా కనిపిస్తాడు. "ఏం సార్, వింటే తెలీదా? ముందు మీ డాంగిల్‌తో వినండి. ఇప్పుడు ఇది వినండి. తేడా లేదనండి చూద్దాం." విన్నాం. తేడా ఉంది. గొంతు దగ్గరికొచ్చింది, వయొలిన్ మెరిసింది. ఎందుకంటే రెండోది కొంచెం ఎక్కువ మోత. ఒక డెసిబెల్ పెరిగితే అది మోత పెరిగినట్టు తెలీదు, పాట బాగుపడినట్టు తెలుస్తుంది. ఉప్పు ఒక రవ్వ ఎక్కువైన పప్పు మొదటి ముద్దకి అమోఘంగా ఉన్నట్టే.

సిద్ధాంతం: మోతలు సమం చేసి వినాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. అదే గల్లీలో దొరికే మామూలు మల్టీమీటర్ ఏసీ వోల్టుల మీద పెట్టండి. ఫోన్‌లో 100 హెర్ట్జ్ దగ్గర నిలకడ స్వరం ఒకటి మోగించండి. హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే డాంగిల్ దగ్గర ఎంత చూపిందో, ఆంప్ దగ్గరా అంతే చూపేదాకా వాల్యూమ్ తిప్పండి. నూటికి ఒక వంతు అటూ ఇటూ అయితే సమమే, అది డెసిబెల్‌లో పదో వంతు. తరవాత మేనల్లుణ్ణి వెనక నిలబెట్టి ఏది తగిలించాడో చెప్పకుండా మార్చమనండి. వినగానే గుర్తుపడతానన్నవాడు ఇక్కడ కాస్త నెమ్మదిస్తాడు. మేనల్లుడికి ఐస్‌క్రీమ్ ఖర్చు అదనం. దుకాణదారు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే అదీ ఒక ఫలితమే.

మరొక శంక: బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కి ఏ ఆంప్ మంచిది? సమాధానం: దాని ఆంప్ దాని డొప్పలోనే ఉంది. పో.

ఇంకొక శంక: మంచి ఆంప్ కొంటే 'పాతాళభైరవి' పాటలు బాగా వినిపిస్తాయా? 1951 నాటి ఆ పాటలు మోనో రికార్డింగులు. కుడి చెవికీ ఎడమ చెవికీ అవే ధ్వనులు. ఆంప్ రికార్డింగులో లేని దిక్కుల్ని పుట్టించలేదు. ఘంటసాల గొంతులోని గాంభీర్యం వినడానికి డాంగిల్ చాలదని ఎవరైనా అంటే, రేడియో కాలంలో తలుపు గడప మీద కూర్చుని విన్నవాళ్ళని అడగండి.

చెవుల కొరకు అన్నదాంట్లో రక్షణ అనే అర్థం కూడా ధ్వనిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ మోత వారానికి 40 గంటల దాకా ఫరవాలేదు. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ గంటలు సగం కోయాలి. 89కి వచ్చేసరికి వారానికి అయిదు గంటలే. నాలుగు వోల్టుల పెట్టె కొన్నవాడు 32 ఓముల ఇయర్‌ఫోన్ పెట్టుకుని వాల్యూమ్ ఒకసారి చూసుకోకుండా ప్లే నొక్కితే, ఆ అయిదు గంటలూ మొదటి చరణం లోపే అయిపోతాయి.

గద్య: ఇది శ్రీమద్‌గుజరాతీగల్లీ సంచార శ్రమలబ్ధ బహువిధ కేబుల్ గ్రంథివిమోచనచణ, మల్టీమీటరు ప్రసాద సమాసాదిత వోల్టు పరిజ్ఞాన, ఆంప్లిఫయర్ కొనక మిగిల్చిన ధనంబున 300 ఓముల రెండవ హెడ్‌ఫోను గొన్న వ్యాఖ్యాతృ ప్రణీతంబైన చిట్టిపెట్టె వ్యాఖ్యయందు సర్వంబును నేకాశ్వాసము.