ఫ్లోరెన్స్‌ను ఆఖరికి ఉంచండి

ఇటలీలో కారు తీసుకుని ఫ్లోరెన్స్ చూడబోయేవాళ్లకు అందరూ చెప్పే సలహా ఒకటే: రోమ్‌లో ఏ1 రోడ్డెక్కండి, మూడు గంటల్లో దిగండి, ఉఫీజీ మ్యూజియానికి ముందే టికెట్లు కొనుక్కోండి, డేవిడ్ విగ్రహాన్ని చూసి రండి. నేను చెప్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఐదు రోజులుంటే నాలుగు రోడ్డుకివ్వండి. ఫ్లోరెన్స్‌కు ఒక్క పూట చాలు. ఉఫీజీకి అసలు వెళ్లొద్దు.

తొందరపడి కొట్టిపారెయ్యకండి, నా కారణం ఫ్రెస్కోలు. ఫ్రెస్కో అంటే తడి సున్నపు పూత మీద వేసే బొమ్మ. పూత ఆరేకొద్దీ రంగు గోడలో భాగమైపోతుంది. ఆ రోజుకు ఎంత గియ్యగలడో చూసుకుని, అంత మేరకే పూయించుకునేవాడు చిత్రకారుడు. ఆ గది ఎత్తు, ఆ కిటికీ వెలుతురు లెక్కలోకి తీసుకునే కుంచె పట్టేవాడు. ఉఫీజీలో చిమబూయె, దుచ్చో, జొత్తో వేసిన పెద్ద మరియమాత చిత్రాలు ఒకే గదిలో ఉంటాయి. మూడూ మూడు వేర్వేరు చర్చిల నుంచి తెచ్చినవి. గొప్పవే, కాదనను. కానీ కారు చేతిలో ఉన్నప్పుడు చూడాల్సింది కదలని గోడలనే.

బయల్దేరే ముందే ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. మన లైసెన్సు కూడా వెంట ఉండాలి. చిన్న కారే అడగండి, పాత ఊళ్ల సందుల్లో పెద్ద బండి పట్టదు. ఫోన్‌లో మ్యాప్ ఆపెయ్యండి, అది మిమ్మల్ని తిరిగి ఏ1 మీదికే లాగుతుంది. ఇటలీలో ఆకుపచ్చ బోర్డులు ఆటోస్ట్రాడా అనే హైవేలకు, నీలం బోర్డులు మామూలు రోడ్లకు. నీలం బోర్డులు పట్టుకుని వెళ్లండి. భోజనం రెండు దాటనివ్వకండి, ఆ తర్వాత చిన్న ఊళ్లలో వంటిళ్లు మూసేస్తారు.

రోమ్ నుంచి పాత కాసియా రోడ్డు మీద మాంటెఫియాస్కోనె దాకా వెళ్లి, 71వ నంబరు రోడ్డు పట్టుకుంటే ఒర్వియెతో వస్తుంది. అక్కడి కెథడ్రల్‌లో శాన్ బ్రిజియో చాపెల్ ఉంది. పైకప్పు పని 1447లో ఫ్రా ఆంజెలికో మొదలుపెట్టి వదిలేస్తే, 1499లో లూకా సిన్యొరెల్లి అందుకుని గోడలన్నీ నింపాడు. ఒక గోడ మీద చనిపోయినవాళ్లు నేలను చీల్చుకుని లేస్తుంటారు. ఒకడు మోచేతుల మీద బరువు వేసి నడుం దాకా పైకొచ్చాడు, ఇంకా కొందరు ఎముకల గూళ్లే. మరో గోడ మీద క్రీస్తు వేషంలో ఉన్న అంత్యక్రీస్తుకు సైతాను చెవిలో మాటలందిస్తుంటాడు. ఆ బొమ్మకు ఎడమ మూల నల్లబట్టల్లో ఇద్దరు నిలబడి ఉంటారు. ఒకరు సిన్యొరెల్లి, వెనక ఉన్నది ఫ్రా ఆంజెలికో. ఆ ముఖం బాగా గుర్తుపెట్టుకోండి.

అదే 71 మీద కొర్తోనా మీదుగా అరెత్సో. శాన్ ఫ్రాంచెస్కో చర్చికి ముందే బుక్ చేసుకోండి. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వేసిన కాన్‌స్టంటైన్ కల అక్కడుంది: గుడారంలో చక్రవర్తి నిద్ర, దేవదూత దగ్గర్నుంచి పడే వెలుతురు, చుట్టూ రాత్రి. దాని పక్కనే నిజం కిటికీ! ఈ బొమ్మను పగలు చూస్తేనే పియెరో తెగువ అర్థమవుతుంది.

అక్కడి నుంచి సాన్సెపోల్‌క్రో, పియెరో సొంత ఊరు. ఇక్కడ ఆయన గీసిన క్రీస్తు పునరుత్థానం ప్రపంచంలోకెల్లా గొప్ప చిత్రమని ఆల్డస్ హక్స్‌లీ రాశాడు. 1944లో ఈ ఊరి మీద ఫిరంగులు పేలుస్తున్న బ్రిటిష్ అధికారి టోనీ క్లార్క్‌కు ఆ మాట గుర్తొచ్చి కాల్పులు ఆపించాడు. బొమ్మా మిగిలింది, ఊరూ మిగిలింది.

ఇప్పుడు ఫ్లోరెన్స్. ఏ1ను ఈ చివరి మజిలీకి మాత్రమే వాడుకోండి: ఆ రోడ్డు మీది నుంచే విల్లా కొస్తాంజా పార్కింగ్‌లోకి దారి ఉంది, అక్కడ కారు పెట్టి ట్రామ్ ఎక్కండి. ఊళ్లోకి కారు తీసుకెళ్తే పరిమిత వాహన మండలం దగ్గర కెమెరా నంబరు పట్టేస్తుంది. నెలల తర్వాత కారు అద్దె కంపెనీ ద్వారా జరిమానా ఇంటికే వస్తుంది. డేవిడ్ నకలు సిన్యోరియా చౌకులో 1910 నుంచీ నిలబడే ఉంది, దాన్ని తర్వాత చూసుకోండి.

నేరుగా శాన్ మార్కో మఠానికి పొండి. మెట్లెక్కగానే ఎదురుగా ఫ్రా ఆంజెలికో వేసిన దేవదూత, మరియమాత. పై అంతస్తులో సన్యాసుల గదులు, గదికో బొమ్మ, ఒక్కో గదికి చిన్న కిటికీ. ఒక సన్యాసి రోజూ ఒంటరిగా చూసుకోవడానికి వేసిన బొమ్మలవి. పొద్దున్నే వెళ్లండి, ఏదైనా ఒక గది దగ్గర పావుగంట నిలబడండి, ఫోటో తియ్యకండి.