స్కూట్ బావ

మా పెద్దబావ ఉద్యోగమంతా బ్యాంకు క్యాష్ కౌంటరు వెనకే గడిచింది. ఊళ్లో వాళ్ల లక్షలన్నీ ఆయన వేళ్ల మీదుగానే వెళ్లాయి. తడి స్పాంజికి వేలు అద్ది ఆయన కట్ట లెక్కపెడుతుంటే, వరసలో నిలబడ్డవాళ్లు విసుక్కోవడం మానేసి చూస్తుండిపోయేవారు. ఏనాడూ చెయ్యి వణకలేదు, నోటు తేడా రాలేదు. అలాంటి మనిషి పెళ్లివారి విడిదిలో దుప్పటి పరిచి, నూటొకటి ఆటకి తలా యాభై మధ్యలో వెయ్యండనేసరికి పూర్తిగా మారిపోతాడు. జేబులోంచి యాభై నోటు తీస్తాడు. దానికి ఇంకోటి అంటుకుని రాలేదు కదా అని నలిపి చూస్తాడు. నంబరు ఒకసారి చదువుకుంటాడు. "ఇది పోయిందనే అనుకుంటున్నాన్రా" అని దుప్పటి మీద పెడతాడు.

మాట బంగారం. పోయినా ఫరవాలేదనుకున్న డబ్బుతోనే ఆడమని ఆట తెలిసినవాళ్లంతా చెబుతారు. బావకీ ఆ సంగతి కంఠతా వచ్చు. కానీ నోరు అనుకున్నంత తేలిగ్గా కళ్లు అనుకోవు. ఆట సాగినంతసేపూ ఆయన చూపు ఆ నోటు మీదే ఉంటుంది. పందెం ఎవరో కొట్టుకుపోతే, రెండో ఆటలో వాళ్లు ఆ నోటునే మళ్లీ వేస్తే, అది ఇంకొకరి దగ్గరికి చేరితే, అర్ధరాత్రి దాటాక కూడా "నా నోటు ఇప్పుడు నీ దగ్గరుంది, చివర 417" అని చెప్పగలడు. పడ్డ ముక్కలు మాత్రం ఒక్కటీ గుర్తుండవు.

నూటొకటి ఆట ఎరగనివాళ్ల కోసం నాలుగు మాటలు. పదమూడు ముక్కలు పంచాక చెయ్యి బాగాలేదనుకుంటే మొదట్లోనే స్కూట్ చెప్పొచ్చు. ఇరవై పాయింట్లు పడతాయి. మధ్యలో పారిపోతే నలభై. కూర్చుని ఆడి, ఎవరో ఆట ముగించి షో చెప్పేలోగా లైఫు (జోకరు లేకుండా ఒకే రంగులో వరస ముక్కలు) కూడా పడకపోతే ఫుల్ కౌంటు, అంటే ఎనభై. నూటొకటి చేరినవాడు అవుట్. చివరిదాకా మిగిలినవాడిది పందెం.

ఈ మొత్తంలో బావకి నచ్చిన అంశం ఒక్కటే, స్కూటు. ముక్కలు ఎత్తుతాడు, పేరుస్తాడు, మళ్లీ పేరుస్తాడు. "జోకరు లేదురా, స్కూట్." ఇంకో ఆట: "జోకరుంది గానీ లైఫేదీ? స్కూట్." ఒకసారి ఇస్పేటు ఐదు, ఆరు, ఏడు చేతిలో ఉన్నాయి, పక్కన జోకరు కూడా ఉంది. అయినా మొహం దిగాలుగా పెట్టాడు. ఏమిటి బావా అంటే, "నాకే ఇంత మంచి చెయ్యొచ్చిందంటే ఇంకెవడికో ఇంతకన్నా మంచిదొచ్చి ఉంటుంది" అన్నాడు. స్కూట్ చెప్పాడు.

లెక్క తెలిసిన మనిషే కదా, ఆయనకి కనపడకపోవడమే వింత. ఐదు స్కూట్లు చెబితే నూరు పాయింట్లు. ఆరో ఆటలో ఇక స్కూటు లేదు, కంపల్సరీ. నెత్తిన నూరు పెట్టుకుని, ఒక్క పాయింటు పడినా లేచిపోవాల్సిన స్థితిలో, ఆ ఆటలో ఏం వస్తే అదే ఆడాలి. వచ్చేవి ఏమిటంటే ఒంటరి రాజులు, ఒంటరి రాణులు, ఎవరితోనూ కలవని కళావరు ఆసు. మొదటి రెండు ఆటల్లో వదిలేసిన మంచి ముక్కలేవీ అప్పటికి తిరిగిరావు. అలా ఇష్టపడి ఒక్క ఆటైనా ఆడకుండా యాభై పోగొట్టుకుని, "నేను మాత్రం ఫుల్ కౌంటు ఇవ్వలేదు" అని లేస్తాడు. ఆ మొహంలో తృప్తి చూడాలి, పందెం కొట్టినవాడిక్కూడా అంత ఉండదు.

స్కూట్ చెప్పినవాడు బుద్ధిగా కాఫీ తాగొచ్చుగా? తాగడు. పక్కవాడి చేతిలోకి తొంగి చూస్తాడు. ఆట అయిపోగానే మిగిలిన పేక తిరగేసి, తను ఆడి ఉంటే తనకి వచ్చే ముక్కలన్నీ ఒక్కొక్కటే తీసి చూపిస్తాడు. "ఇదిగో ఆఠీను తొమ్మిది. ఇదిగో జోకరు. చూశారా, మూడో చుట్టుకే షో!" అంటూ రాని ముక్కలతో గెలవని ఆట గెలిచి చూపిస్తాడు. ఆ తర్వాత పది నిమిషాలు విచారం. అంటే స్కూట్ చెప్పి ఇరవై పాయింట్లతో బయటపడ్డ ఆటకి కూడా ఫుల్ కౌంటంత బాధ పడతాడన్నమాట.

ఇక నా సొంత గోడు. ఎక్కడ ఆట మొదలైనా నాకు పైన కూర్చునేది ఆయనే. ఆయన కొట్టిన ముక్క మీదే నా బతుకు. నాకు పనికొస్తుందేమోనన్న అనుమానం వస్తే చాలు, ఆ ముక్క కొట్టడు. తన సెట్టు విరగ్గొట్టుకుంటాడు, లైఫు పక్కన ముక్క తీసి పడేస్తాడు, నాకు మాత్రం డైమను ఎనిమిది ఇవ్వడు. తను గెలవాలన్న ఆశ కన్నా నేను గెలుస్తానన్న భయం పెద్దది. అక్క చేతి పులిహోర తిన్న విశ్వాసం కొద్దీ నేనూ ఏమీ అనను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

గెలిచిన రోజున బావ వేరే మనిషి. రమ్మీ నైపుణ్యం అంటాడు, సుప్రీంకోర్టును సాక్ష్యం పిలుస్తాడు. సాక్ష్యం అబద్ధం కాదు. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సికింద్రాబాదు క్లబ్బువాళ్లకీ నడిచిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆటేనని ఆ కోర్టు చెప్పింది. పడ్డ ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, మూడు ముక్కలాటలా ఉత్త అదృష్టం కాదంది. ఆట నడిపేవాడు దాని మీద లాభం చేసుకుంటుంటే నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది గానీ, బావ పారాయణం అంతదాకా రాదు. ఓడిన రోజున తీర్పు మారిపోతుంది. ముక్కలు పడలేదంటాడు, పంచినవాడి చెయ్యి మంచిది కాదంటాడు, వెనక ఎవరో నిలబడ్డారంటాడు. "నైపుణ్యమని కోర్టువారే అన్నారు కదండీ?" అని అడుగుతుంది అక్క. బావ మాట్లాడడు. "అది ఉన్నవాళ్ల సంగతి చెప్పారేమోలెండి" అని తనే సర్దుతుంది.

ధర్మరాజు ప్రస్తావన తెచ్చినా బావ తొణకడు. "జూదమాడటం తప్పు కాదురా, స్కూట్ చెప్పడం తెలియకపోవడం తప్పు. తమ్ముళ్లను ఒడ్డే చోట ఎవడైనా మిడిల్ స్కూటైనా చెబుతాడు." అరణ్యపర్వంలో బృహదశ్వుడు నలుడి కథ చెప్పి, అక్షహృదయం నేర్పాకే ధర్మరాజుకి ఆట వచ్చిందని ఆయన వాదన. "ఆ తర్వాత చూడు, విరాటరాజు కొలువులో కంకుభట్టుగా ఆడాడు. పోతే ఎవడి డబ్బు? రాజుగారిది. అదిరా ఆడటమంటే!"

పోతుందేమోనన్న బావ జబ్బు శాస్త్రానికీ తెలుసు. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ఒక వ్యాసం రాశారు. వంద రూపాయలొస్తే కలిగే సంతోషం కన్నా అదే వంద పోతే కలిగే బాధ ఎక్కువని అందులో వాదించారు. ఆ బాధ ఇంచుమించు రెండింతలకు పైనే ఉంటుందని 1992లో లెక్క కూడా కట్టారు. కానమన్‌కి 2002లో నోబెల్ వచ్చింది, ట్వర్స్కీ అప్పటికే పోయాడు. నేనీ సంగతి చెబితే బావ చాలాసేపు ఆలోచించి, "రెండింతలేనా? వాళ్లు ఎక్కువ ఆడి ఉండరు" అన్నాడు. నవ్వాను గానీ, కొన్న షేరు పడిపోయిందని తెలిసిన రోజున పేపర్లో ఆ పేజీ తెరవకుండా మడిచేసే అలవాటు నాకూ ఉంది.

బావ కీర్తి సముద్రాలు దాటింది డాలస్‌లో. మా మేనల్లుడు అక్కడే ఉంటాడు. శనివారం రాత్రుళ్లు తెలుగు కుర్రాళ్లు కొందరు ఎవరో ఒకరింట్లో చేరి పోకర్ ఆడుకుంటారు, తలా ఇరవై డాలర్లు. కొడుకును చూడ్డానికి వెళ్లిన బావను మర్యాదకి కూర్చోమన్నారు. ఇరవై అనగానే ఆయన లోపల గుణకారం జరిగిపోయింది. పదిహేడొందలు! "పోయిందనే అనుకుంటున్నాను" అని చిల్లులు పడేలా, డబ్బుకి బదులిచ్చిన చిప్స్ బిళ్లల వంక చూశాడట.

వాళ్లాడే పోకర్‌లో ఎవరి చేతికి వాళ్లకి రెండే ముక్కలు. మధ్యలో అందరికీ కలిపి ఐదు తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. మొత్తం ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే వాళ్లది పందెం. నచ్చకపోతే ఫోల్డ్ అనొచ్చు. ఆ మాట వినగానే బావ మొహం వెలిగింది. "అంటే స్కూటే కదరా? పాయింట్లేమీ పడవా? ఉచితమా?" అడిగాడు. ఉచితమే అన్నారు. ఇక చూడండి, పుట్టింది ఈ ఆట కోసమే అన్నట్టు ఫోల్డ్ మీద ఫోల్డ్. అయితే వంతుల వారీగా ఇద్దరు ముక్కలు చూడకముందే కొంత వెయ్యాలి. బ్లైండ్లంటారు. ఫోల్డ్ చేసినా అవి తిరిగిరావు. చుట్టుకోసారి బావ ముందున్న చిప్స్ కాస్త కరుగుతున్నాయి. "ఇదేమిటిరా, కుర్చీకి అద్దె వసూలు చేస్తున్నారు" అని తెలుగు రాని దేశంలో కూడా అందరికీ అర్థమయ్యేలా గొణిగాడట. అక్కడున్నవాళ్లంతా తెలుగువాళ్లే కాబట్టి అదేం పెద్ద కష్టం కాలేదు.

అప్పుడు వచ్చాయి రెండు ఆసులు. పోకర్‌లో మొదటి రెండు ముక్కలుగా అంతకు మించినవి లేవు. సగటున 221 ఆటలకి ఒకసారి వస్తాయి. మా మేనల్లుడు ఆ ఆట నుంచి అప్పటికే తప్పుకుని తండ్రి వెనక చేరాడు. ఆసులు చూసి ఊపిరి బిగపట్టాడు. బావ కూడా బిగపట్టాడు గానీ కారణం వేరు. ఎదురుగా ఉన్న కుర్రాడు తన చిప్స్ మొత్తం ముందుకు తోసి ఆల్ ఇన్ అన్నాడు. మిగతావాళ్లు వదిలేశారు. ఒప్పుకుంటే బావ తనకి మిగిలిన పద్నాలుగు డాలర్లూ వెయ్యాలి. గదిలో ఫ్రిజ్ చప్పుడు వినపడుతోందట. బావ ఆసుల వంక చూశాడు. చిప్స్ వంక చూశాడు. మళ్లీ ఆసుల వంక చూశాడు.

"ఫోల్డ్."

కుర్రాడు నవ్వుతూ ముక్కలు తిరగేశాడు. ఏడు, రెండు, అవీ వేరువేరు రంగులు. పోకర్‌లో అంతకన్నా పనికిమాలిన చెయ్యి లేదంటారు. "నాన్నా, ఎదుటివాడి దగ్గర ఏముందో అసలు తెలియకపోయినా రెండు ఆసులు నూటికి ఎనభై అయిదు సార్లు గెలుస్తాయి" అని కొడుకు తల పట్టుకున్నాడు. "మరి ఆ పదిహేను సార్ల సంగతేమిట్రా?" అన్నాడు తండ్రి. "నా పద్నాలుగు డాలర్లు నా దగ్గరే ఉన్నాయి. పన్నెండొందలు మిగిల్చాను." అర్ధరాత్రి లోపల ఆ పన్నెండొందలూ కుర్చీ అద్దెకి సరిపోయాయి.

ఇంటికొచ్చాక అక్కకి చెప్పే లెక్క మాత్రం ఎక్కడ ఆడినా ఒకటే: "వచ్చిందీ పోయిందీ సమానం." మర్నాడు నేను ఆరా తీస్తే, ఆ రాత్రి ఆడిన నలుగురి ఇళ్లలోనూ నాలుగు సమానాలు నమోదై ఉంటాయి. పందెం కొట్టినవాడు ఇంట్లో వాటా అడుగుతారని, పోగొట్టుకున్నవాడు తిడతారని. మధ్యలో ఆ డబ్బు ఏ దేశం పోతుందో మరి.

డబ్బు బదులు చింతపిక్కలు పెట్టి ఆడితే బావను పట్టుకోలేం. లైఫు లేకపోయినా ఆడతాడు, రాజునీ రాణినీ చివరిదాకా పట్టుకుంటాడు, నాకు డైమను ఎనిమిది కూడా కొడతాడు. దోసెడు పిక్కలు గెలిచి మనవలకి పంచుతాడు. అలాగైతే రోజూ పిక్కలతోనే ఆడొచ్చుగా అంటే, "పిక్కలతో ఆడితే ఆటేముందిరా, భయమే ఉండదు" అంటాడు. అన్నాక తనే ఉలిక్కిపడతాడు.

ఇన్ని అన్నాను గానీ, ఆ భయం పూర్తిగా వృథా అని అనలేను. మా వైపు సంక్రాంతి శిబిరాల్లో మూడు ముక్కలాటా లోనా బయటా ఆడి పొలం కాగితాలు తాకట్టు పెట్టినవాళ్లను చూశాం. ఫోన్లో రమ్మీ వచ్చాక మా వీధిలోనే ఇద్దరు కుర్రాళ్లు అప్పులపాలయ్యారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసి ఆపింది. బావకి ఈ మూడు చట్టాలూ అక్కర్లేకపోయాయి. మనవడు ఫోన్లో ఆట తెరిచి చూపిస్తే, "పేక ఎవడు కలిపాడు? ఎవడు కోశాడు? మొహం కనపడనివాడికి డబ్బెలా ఇస్తాంరా?" అని ఫోను బోర్లించాడు. జీవితం మొత్తం మీద ఆయన పేకాటలో పోగొట్టుకున్నది, అక్క ఒక్క దీపావళికి మతాబాలకి పెట్టే ఖర్చు కన్నా తక్కువే ఉంటుంది. ఎంతో ఆయనకి పైసలతో సహా తెలుసు, చెప్పడు.

వచ్చే నెల మా చిన్నమ్మాయి పెళ్లి. విడిదిలో రాత్రికి నూటొకటి ఆట ఖాయం, తలా యాభై. బావ వస్తున్నాడు, నాలుగో చెయ్యి కావాలి. సరదా ఉన్నవాళ్లెవరైనా రండి, భోజనం మాదే. ఆయన కింద చోటు మీకే వదిలేస్తున్నాను, నేను పైన కూర్చుంటాను.