సీసానికి నెల్లూరు తీరం నుంచి బహిరంగ లేఖ

సీసమా,

నీకు రంగు లేదు, వాసన లేదు, నీళ్లలో రుచీ తెలియదు. నీళ్ల మంచీచెడూ నాలుకతో తేల్చే మా తీరంలో నీకు దొరికిన చాటు అదే. మైపాడులో అడిగినా, కృష్ణపట్నంలో అడిగినా నీళ్ల గురించి మొదటి ప్రశ్న ఒకటే: ఉప్పా, కాదా? ఒక పక్క సముద్రం, ఇంకో పక్క రొయ్యల గుంటలు ఉన్నవాళ్లం, అలా అడగడం సహజం. ఉప్పు తగిలితే ఆ బోరు నీళ్లు గిన్నెలకు, తాగడానికి ఇరవై లీటర్ల క్యాను. ప్లాంటు దగ్గర టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తే మనసు కుదుటపడుతుంది.

ఆ అంకె నిన్ను పట్టదు. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 నీకు పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. మామూలు మీటరు చూపే అతి చిన్న అంకే ఒక మిల్లీగ్రాము, నీ హద్దుకు వంద రెట్లు. నీళ్లు కాచినా నువ్వు పోవు.

నువ్వు బోరులోంచే రావాలని లేదు. ఇత్తడి కుళాయిలో, టంకం అతుకులో, సీసం కలిపిన పాత పీవీసీ పైపులో పొంచి ఉంటావు. రాత్రంతా నిలిచిన నీళ్లలోకి దిగుతావు. క్లోరైడు ఎక్కువున్న నీరు లోహాన్ని తొందరగా తినేస్తుంది. ఉప్పు తగిలే ఊళ్లవాళ్లం కాబట్టి నా భయం ఇంకాస్త ఎక్కువ.

2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛలతో, తలతిరుగుడుతో ఆసుపత్రి పాలయ్యారు. వాళ్ల రక్తంలో నువ్వూ నికెలూ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది. తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది కనుక నేరమంతా నీదేనని అనను. కానీ నమూనాలు హైదరాబాదుకు, ఢిల్లీకి పరుగెత్తింది జనం పడిపోయాకే.

నువ్వు ఎవరినీ పడగొట్టకుండానే పని కానిస్తావు. పెద్దల కంటే చిన్నపిల్లల ఒంట్లోకి నాలుగైదు రెట్లు ఎక్కువగా ఇంకుతావు. చదువులో వెనకబడ్డ పిల్లను మొద్దు అంటారు తప్ప రక్తంలో నిన్ను వెతకరు. ఆమె ఎముకల్లో ఏళ్ల తరబడి ఉండి, కడుపుతో ఉన్నప్పుడు మళ్లీ రక్తంలోకి దిగి బిడ్డను చేరతావు. నిన్ను క్షమించలేను.

తీరం ఊళ్ల అమ్మలారా, అన్నలారా! పొద్దున్నే ఎవరూ కుళాయి తిప్పకముందు మొదటి లీటరు శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్లో పట్టండి. కొన్ని నిమిషాలు నీళ్లు వదిలేసి రెండోది పట్టండి. మొదటిదాంట్లోనే సీసం ఎక్కువుంటే దోషం కుళాయిదో పైపుదో. రెండింట్లోనూ ఉంటే ఇంటి వెలుపల వెతకాలి. ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులో సీసం పేరు చెప్పి మరీ అడగండి. ఊళ్లో వాడే మామూలు కిట్టులో ఫ్లోరైడు తేలుతుంది, సీసం తేలదు. ఫలితం వచ్చేదాకా ఆ మొదటి నీళ్లు తాగడానికి, వంటకు వాడొద్దు. వచ్చే గ్రామసభలో లేచి, అంగన్‌వాడీ కుళాయి నీళ్లు అన్నిటికంటే ముందు పరీక్షకు పంపమని పంచాయతీని నిలదీయండి.